‘వెన్ ది లెవీ బ్రేక్స్’ ఎవరి పాట? పాడింది ఎవరు, వాయించింది ఎవరు?

మీరు మూడు సంగతులు అడిగారు. ‘వెన్ ది లెవీ బ్రేక్స్’ ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ సొంత పాటా, పాతదా? పాతదైతే అది గాయని మెంఫిస్ మిన్నీ పాట అని అందరూ అంటుంటే, పాత రికార్డులో మగ గొంతు ఎందుకు వినిపిస్తోంది? గిటార్ మీద నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నేను ఇరవై ఏళ్లకు పైగా బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల పద్ధతి) గిటార్ వాయిస్తున్నాను, నేర్పిస్తున్నాను. ఈ పాట మీద నాకున్న ప్రేమ వల్ల సమాధానం కాస్త పొడవైంది. ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా చెప్పేస్తాను. పాట 1929 నాటిది. పాడింది కాన్సాస్ జో మెకాయ్. అప్పట్లో అతని భార్య, వాద్యంలో అతని జోడీ అయిన మెంఫిస్ మిన్నీ ఆ రికార్డులో పాడలేదు, లీడ్ గిటార్ వాయించింది. లెడ్ జెప్పెలిన్ నలభై రెండేళ్ల తర్వాత, 1971లో, దాన్ని తమ పద్ధతిలో మళ్లీ కట్టుకుంది. మీరు విన్న మగ గొంతు జోది. అతని పేరు ఎందుకు మరుగున పడిందో చెప్పాలంటే కథ మొదటికి వెళ్లాలి.

లెవీ అంటే మన కరకట్ట. మా గోదావరి వైపు ఏటిగట్టు అంటాం. ఈ మాట తెలియకుండా పాట వింటే అదేదో ప్రేమ విఫలమైనవాడి ఏడుపులా అనిపిస్తుంది. తెలిస్తే వెన్ను జలదరిస్తుంది. మాది లంకల పక్క ఊరు. 1986 ఆగస్టు వరదప్పుడు నాకు పదేళ్లు. మా నాన్న, బాబాయిలు లాంతర్లు పట్టుకుని రాత్రంతా గట్టు మీద కాపలా తిరిగారు. అవతలి వైపు నీళ్లు గట్టు అంచుకు తగులుతున్నాయి. ఇవతలి వాలులో ఎక్కడైనా ఊట కనిపిస్తే కేక వేసేవాళ్లు, ఇసుక బస్తాలు, గడ్డి మోపులు పట్టుకుని అందరూ అటు పరుగెత్తేవాళ్లు. ‘గండి పడింది’ అన్న మాట ఎవరి నోట వస్తుందోనని ఇంట్లో ఆడవాళ్లు నిద్రపోలేదు. ఈ పాట పల్లవి సరిగ్గా ఆ రాత్రిదే. వాన ఇలాగే కురుస్తూ ఉంటే కట్ట తెగుతుంది అంటాడు జో. తెగింది అనడు. ఇంకా తెగలేదు. పాటంతా ఆ టెన్షన్‌లోనే నిలబడి ఉంటుంది.

అతను చెబుతున్న నది అమెరికాలోని మిసిసిపి. 1926 వేసవి చివర్లో మొదలైన వానలు 1927 వసంతం దాకా వదల్లేదు. అప్పటి అమెరికా ఇంజనీర్లు నదిని రెండు వైపులా కట్టలతోనే అదుపు చేయొచ్చని నమ్మేవారు. వరద నీటిని పక్కకు వదిలే దారులు, మళ్లించే కాలువలు అక్కర్లేదనుకున్నారు. నీళ్లకు పక్కకు పోయే దారి మూసేస్తే మట్టం పెరగక ఏం చేస్తుంది? 1927 ఏప్రిల్ 21న మిసిసిపి రాష్ట్రంలో మౌండ్ ల్యాండింగ్ దగ్గర కట్టకు భారీ గండి పడింది. ఆ ఏడాది నది పొడవునా పడిన గండ్లన్నీ కలిపి సుమారు 27,000 చదరపు మైళ్ల నేల మునిగింది. ఆరు లక్షల మందికి పైగా ఇళ్లు వదిలారు. వారిలో రెండు లక్షల మందికి పైగా నల్లజాతివారు.

ఆ కట్టలు కట్టింది, కాపాడింది ఎక్కువగా ఆ నల్లజాతి కూలీలే. నది పక్కన గుడారాలు వేసుకుని, కంచర గాడిదలతో మట్టి లాగించి కట్టలు పోసే శిబిరాలను లెవీ క్యాంపులు అనేవారు. బ్లూస్‌లోకి వచ్చిన ఎన్నో రాగపు కేకలు ఆ శిబిరాల్లో పుట్టాయి. వరద వచ్చినప్పుడు వాళ్లను తుపాకులు చూపించి కట్ట మీద పని చేయించారు. గ్రీన్‌విల్ ఊరు మునిగాక సుమారు 13,000 మంది నల్లజాతివారు కట్ట మీదే, తిండి సరిగా లేకుండా, రోజుల తరబడి ఉండిపోయారు. తెల్లజాతి ఆడవాళ్లను, పిల్లలను పడవలెక్కించి పంపారు. వీళ్లను పంపలేదు. ఒకసారి వెళ్లిపోతే పత్తి చేలల్లో పని చేయడానికి తిరిగి రారని భూస్వాముల భయం. వరద సహాయంగా వచ్చిన సరుకులను పడవల్లోంచి దించే పని కూడా వాళ్ల చేతే చేయించారు.

ఇప్పుడు పాటలోని ఒక చరణం చూడండి. రాత్రీ పగలూ కట్ట మీద పనిచేశాను, నీళ్లను ఆపడానికి నాకెవరూ లేరు అంటాడు. అది కవి ఊహ కాదు. వేలమంది ఒంటి మీదికి వచ్చిన సంగతి. ఏడ్చినా లాభం లేదు, ప్రార్థించినా ఫలితం లేదు, కట్ట తెగితే పోగొట్టుకోవలసిందే అనే మరో చరణం ఉంది. చర్చి నీడలో పెరిగిన మనుషులకు ప్రార్థన పనికిరాదని రికార్డు మీద పాడటం చిన్న విషయం కాదు. ఆ చరణం దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను.

ఇక ఆ ఇద్దరి గురించి. మిన్నీ అసలు పేరు లిజీ డగ్లస్, పుట్టింది 1897లో. ఇంట్లో ‘కిడ్’ అని పిలిచేవారు. చిన్నతనంలోనే చేతికి గిటార్ వచ్చింది. పదమూడేళ్లప్పుడే ఇల్లు వదిలి మెంఫిస్‌లోని బీల్ స్ట్రీట్ చేరి, వీధుల్లో వాయిస్తూ బతికింది. ఆమె కుటుంబం మెంఫిస్‌కు దక్షిణాన వాల్స్ అనే ఊళ్లో ఉండేది. 1927లో కట్ట తెగినప్పుడు మిన్నీ అక్కడ తమతోనే ఉందని ఆమె తోడబుట్టినవాడి భార్య తర్వాతి రోజుల్లో గుర్తు చేసుకున్నారు. అంటే వరద ఆమె దినపత్రికలో చదివిన వార్త కాదు. జో మెకాయ్ పుట్టింది 1905లో, మిసిసిపిలోని రేమండ్ అనే ఊళ్లో. తమ్ముడు చార్లీ మెకాయ్ కూడా మంచి వాద్యకారుడు. జో, మిన్నీ బీల్ స్ట్రీట్‌లో కలిశారు. ఒక మంగలి షాపులో చిల్లర డబ్బులకు వాయిస్తుండగా కొలంబియా రికార్డు కంపెనీ మనిషి విని న్యూయార్క్ తీసుకెళ్లాడు. ‘కాన్సాస్ జో’, ‘మెంఫిస్ మిన్నీ’ అనే పేర్లు వాళ్లకు కంపెనీ పెట్టినవే.

రికార్డింగ్ జరిగింది 1929 జూన్ 18న, వరద వచ్చిన రెండేళ్ల తర్వాత. కొలంబియా దాన్ని 14439-డి నంబరుతో విడుదల చేసింది. ఆ నంబర్ల వరుస నల్లజాతి శ్రోతల కోసం విడిగా నడిపినది. వాటిని అప్పట్లో ‘రేస్ రికార్డులు’ అనేవారు. రికార్డు మీద ఇద్దరి పేర్లూ కలిపి వేశారు, ముందు కాన్సాస్ జో, తర్వాత మెంఫిస్ మిన్నీ. అదే విడతలో మిన్నీ తన గొంతుతో ‘బంబుల్ బీ’ అనే పాట కూడా పాడింది. దాన్ని వొకాలియన్ కంపెనీకి మళ్లీ పాడినప్పుడు ఆమెకు చాలా పేరొచ్చింది. జనం గుర్తులో ఆ గొంతే నిలిచిపోయింది. లెవీ పాట కూడా ఆమే పాడి ఉంటుందన్న పొరపాటు అక్కడి నుంచే మొదలైందని నా అభిప్రాయం.

ఆ రికార్డును ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గిటార్లు రెండు. జో కింద లయ నడుపుతుంటాడు. మిన్నీ వేళ్లతో మీటుతూ పైన అల్లుతుంది. ఆమె తీగలను ‘స్పానిష్’ అని పిలిచే ఓపెన్ జి పద్ధతిలో, అంటే వేళ్లతో నొక్కకుండా మీటినా జి స్వరాల కూర్పు పలికేలా, శ్రుతి చేసుకుంది. వింటుంటే విషాదం మాట అటుంచి, కాళ్లు ఆడతాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు ఇది మింగుడు పడలేదు. ఊరు మునిగిపోయే పాట ఇంత హుషారుగా ఎలా నడుస్తుంది అనుకున్నాను. తర్వాత అర్థమైంది. వాళ్లు పాడింది వీధిలో, షాపుల ముందు, డాన్సు ఆడేవాళ్ల మధ్య. అక్కడ లయ ఆగితే చిల్లర పడదు. దుఃఖం మాటల్లో ఉంది, బతుకుతెరువు వేళ్లలో ఉంది. జో గొంతు కూడా ఎక్కడా వణకదు. రోజూ చూసేదాన్ని చెప్పినట్టు చెబుతాడు.

వరద మీద పాటలు ఇదొక్కటే కాదు. బార్బెక్యూ బాబ్, బ్లైండ్ లెమన్ జెఫర్సన్ 1927లోనే పాడారు. లానీ జాన్సన్ 1928లో పాడాడు. చార్లీ ప్యాటన్ 1929 చివర్లో ‘హై వాటర్ ఎవ్రీవేర్’ను రికార్డుకు రెండు వైపులా రెండు భాగాలుగా పాడాడు. అందులో ఊళ్ల పేర్లు వరుసగా వస్తాయి. నీళ్లు ఎటు నుంచి ఎటు వచ్చాయో వింటూ మ్యాపు గీసుకోవచ్చు. గొంతు బొంగురుగా, కోపంగా ఉంటుంది. నిజం చెప్పాలంటే వరద పాటలన్నిట్లో నన్ను ఎక్కువ కదిలించేది అదే. బెస్సీ స్మిత్ ‘బ్యాక్‌వాటర్ బ్లూస్’ను కూడా చాలామంది ఈ వరద లెక్కలో వేస్తారు. అది తప్పు. ఆమె దాన్ని 1927 ఫిబ్రవరి 17న రికార్డు చేసింది, మౌండ్ ల్యాండింగ్ గండికి రెండు నెలల ముందే. ఆ పాట వెనక ఉన్నది 1926 క్రిస్మస్ సమయంలో నాష్‌విల్‌ను ముంచిన కంబర్లాండ్ నది వరద. అయితే పాట బజారులోకి వచ్చాక మిసిసిపి వరద వచ్చింది, జనం దాన్ని తమ పాటగా చేసుకున్నారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇప్పుడు లెడ్ జెప్పెలిన్. గాయకుడు రాబర్ట్ ప్లాంట్ సేకరణలో జో, మిన్నీల పాత రికార్డు ఉండేది. అతను కొన్ని చరణాలు ఉంచాడు, కొన్ని తీసేశాడు, షికాగో వెళ్తున్నాను అనే మాటలు చివర్లో కలిపాడు. ఆ కలిపిన మాటలు 1929 రికార్డులో లేవు. కానీ చరిత్రకు అతికినట్టు సరిపోయాయి. వరద తర్వాత వేలమంది నల్లజాతివారు దక్షిణాది వదిలి ఉత్తరాదికి వెళ్లిపోయారు. జో, మిన్నీ కూడా 1930ల మొదట్లో షికాగోకే చేరారు.

సంగీతం మాత్రం పూర్తిగా వేరు. పాతది మామూలు బ్లూస్ పద్ధతిలో, మాట చెప్పడం, దాన్నే మళ్లీ చెప్పడం, మూడో పాదంలో జవాబు ఇవ్వడంగా నడుస్తుంది, తీగల మీద స్వరస్థానాలు మారుతుంటాయి. జెప్పెలిన్ వాళ్లు ఆ మార్పులను చాలావరకు వదిలేసి, తంబురా శ్రుతిలా ఒకే ఆధారం మీద ఏడు నిమిషాలు నిలబడ్డారు. ఇంకా తెగని కట్ట వెనక నీళ్లు పెరుగుతున్నట్టు ఉంటుంది.

జెప్పెలిన్ పాటలో అందరూ అడిగే ఆ బరువైన డ్రమ్స్ సంగతికి వస్తాను. వాటి రికార్డింగ్ జరిగింది మామూలు స్టూడియోలో కాదు. ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్‌లో హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనం ఉంది. దాన్ని 1795లో దిక్కులేని పేదలను ఉంచడానికి కట్టారు. ఆ ఇంటి బయట రోలింగ్ స్టోన్స్ వాళ్ల మొబైల్ స్టూడియో వ్యాన్ నిలబెట్టి, వైర్లు లోపలికి లాగారు. జాన్ బోన్‌హమ్ డ్రమ్స్‌ను ఎత్తైన మెట్ల హాల్లో కింద పెట్టారు. ఇంజనీర్ ఆండీ జాన్స్ రెండు బేయర్ ఎం160 మైకులను పై అంతస్తు మెట్ల దగ్గర నుంచి వేలాడదీశాడు. ప్రతి డ్రమ్‌కూ దగ్గరగా ఒక మైకు పెట్టే అలవాటును పక్కన పెట్టేశారు. బాస్ డ్రమ్‌కు కూడా విడిగా మైకు లేదు. అంటే మనం వింటున్నది డ్రమ్స్‌ను మాత్రమే కాదు, ఆ హాలు గోడలను, మెట్లను కూడా. పైన కంప్రెషన్ (పెద్ద, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించడం), బిన్సన్ ఎకోరెక్ అనే ప్రతిధ్వని యంత్రం కలిపారు. ఆ తర్వాత టేపును నెమ్మది చేశారు. వేగం తగ్గితే శబ్దం బరువెక్కుతుంది, శ్రుతి కిందికి జారుతుంది. ఆ బురదలో నడిచినట్టుండే నడక అలా వచ్చింది. హార్మోనికాకు బ్యాండ్ గిటారిస్టు జిమ్మీ పేజ్ తిరగేసిన ప్రతిధ్వని వాడాడు. టేపును వెనక్కి తిప్పి ప్రతిధ్వని ఎక్కించి, మళ్లీ మామూలుగా తిప్పితే, శబ్దం కంటే ముందు దాని నీడ వినిపిస్తుంది.

ఇంకొక సంగతి. ఈ పాట ఉన్న ఆల్బమ్‌ను మొదట లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో మిక్స్ చేశారు, అంటే విడివిడిగా రికార్డు చేసిన శబ్దాలను సరైన పాళ్లలో కలిపారు. ఇంగ్లండ్ తిరిగొచ్చి వింటే నచ్చక దాదాపు అన్నీ మళ్లీ చేశారు. ఆ మొదటి మిక్స్‌లో బతికి బట్టకట్టింది ఈ ఒక్క పాటే. ఆల్బమ్ 1971 నవంబర్ 8న వచ్చింది, పేరు లేకుండా. వేదిక మీద ఈ పాటను వాళ్లు 1975 టూర్ మొదట్లో కొన్నిసార్లు వాయించి వదిలేశారు. ఆ మెట్ల హాలును వేదిక మీదికి మోసుకెళ్లలేరు కదా. ఆ డ్రమ్స్ మాత్రం ఎక్కడెక్కడికో వెళ్లాయి. ర్యాప్ బృందం బీస్టీ బాయ్స్ 1986లో తమ మొదటి ఆల్బమ్‌ను ఆ దెబ్బలతోనే మొదలుపెట్టారు.

ఇక పేర్ల సంగతి. ఈ పాట గురించి ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పాలనుకునేది ఇదే. 1971 ఆల్బమ్ మీద ఈ పాటకు ఐదు పేర్లు వేశారు. బ్యాండ్‌లో నలుగురు, ఐదోది మెంఫిస్ మిన్నీ. పాత బ్లూస్ పాటలు తీసుకుని అసలు పేరు వేయకపోవడం ఆ రోజుల్లో మామూలే, జెప్పెలిన్ మీద కూడా ఆ ఆరోపణలు వేరే పాటల విషయంలో గట్టిగానే వచ్చాయి. అలాంటప్పుడు మిన్నీ పేరు వేయడం మంచిదే. కానీ జో మెకాయ్ పేరు లేదు. పాత రికార్డు మీద మొదట ఉన్న పేరు, పాటలో మనకు వినిపించే ఏకైక గొంతు, అదే జారిపోయింది. కోట్ల మంది ఆ కవరు చదివారు. ఈ రోజు ఇంటర్నెట్‌లో ‘మెంఫిస్ మిన్నీ పాడిన’ అని రాసేవాళ్లు ఆ కవరు చూసి రాస్తున్నారు తప్ప పాట విని కాదు. దయచేసి మీరు ఎక్కడైనా ఈ పాట గురించి రాస్తే ఇద్దరి పేర్లూ రాయండి.

జోను తక్కువ చేయడానికి అతనేమీ పక్క వాయిద్యగాడు కాదు. 1930ల మధ్యలో ఇద్దరూ విడిపోయాక అతను షికాగోలో హార్లెమ్ హామ్‌ఫాట్స్ అనే బృందంలో వాయించాడు. వాళ్ల పాట ఒకదాన్ని తానే తిరగరాసి ‘వై డోంట్ యు డూ రైట్’గా మార్చాడు. 1941లో లిల్ గ్రీన్, ఆ మరుసటి ఏడు బెన్నీ గుడ్‌మన్ బృందంతో పెగ్గీ లీ పాడి దాన్ని దేశమంతా వినిపించారు. 1950 జనవరిలో జో షికాగోలో చనిపోయాడు. వయసు 44. తమ్ముడు చార్లీ కూడా అదే ఏడాది పోయాడు. ఇద్దరి సమాధుల మీదా అరవై ఏళ్లు రాయి లేదు. 2010లో బ్లూస్ అభిమానులు కచేరీ పెట్టి డబ్బు పోగుచేసి రాళ్లు వేయించారు.

మిన్నీ మాత్రం దశాబ్దాలు ఏలింది. రెండు వందలకు పైగా పాటలు రికార్డు చేసింది. 1940ల మొదట్లోనే ఎలక్ట్రిక్ గిటార్ పట్టింది. కవి లాంగ్‌స్టన్ హ్యూస్ ఆమె వాయిద్యం విని షికాగో డిఫెండర్ పత్రికలో రాశాడు. చివరి రోజుల్లో పక్షవాతంతో మెంఫిస్‌లోని వృద్ధాశ్రమంలో ఉండి, 1973 ఆగస్టులో పోయింది. అంటే జెప్పెలిన్ ఆల్బమ్ వచ్చేనాటికి ఆమె బతికే ఉంది. ఆమె సమాధికి రాయి 1996లో పడింది, ఖర్చు భరించింది గాయని బానీ రైట్.

మీ మూడో ప్రశ్న, ఎక్కడ మొదలుపెట్టాలి? జెప్పెలిన్ రిఫ్‌తో (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్కతో) వద్దు. అది నేర్చుకోవడానికి అరగంట చాలు, కానీ ఆ బరువు ఆ మెట్ల హాలుది, టేపుది, మీ చేతికి రాదు. నిరాశ పడతారు. 1929 రికార్డుతో మొదలుపెట్టండి. మామూలు శ్రుతి నుంచి ఆరో తీగను ఇ నుంచి డికి, ఐదో తీగను ఎ నుంచి జికి, ఒకటో తీగను ఇ నుంచి డికి దించండి. మందం నుంచి సన్నం వైపు డి, జి, డి, జి, బి, డి వస్తుంది. పాత రికార్డులు టర్న్‌టేబుల్ వేగం తేడాల వల్ల సరిగ్గా జిలో వినిపించకపోవచ్చు. కాపో (తీగలను నొక్కి పట్టి శ్రుతి పెంచే బిగింపు) వేసుకుని గానీ, కాస్త పెంచి తగ్గించి గానీ సరిచూసుకోండి. బొటనవేలితో లావు తీగల మీద నిలకడగా కొట్టడం వచ్చేదాకా సన్న తీగలు ముట్టుకోకండి. వారం పట్టినా ఫర్వాలేదు.

బొటనవేలు కుదిరాక గిటార్ వాయించే స్నేహితుడిని ఒకరిని పిలవండి. అతనికి మామూలు శ్రుతిలో జో లయ ఇవ్వండి, మీరు మిన్నీ భాగం పట్టుకోండి. ఈ పాట రెండు గిటార్ల మధ్య మాటామంతీగా పుట్టింది. ఒక్కరే వాయిస్తే వేళ్లు ఎంత తిరిగినా సగమే వినిపిస్తుంది. పాడేది మాత్రం లయ పట్టుకున్న మనిషే పాడాలి. ఆ రోజు జో చేసింది అదే.